అబార్షన్ చట్టం: టెక్సాస్‌దా, మనదా, ఏది మేలు?

కూతురో కోడలో డల్లాస్‌లో ఉన్న కుటుంబాలు నెల్లూరులోనూ ఒంగోలులోనూ చాలానే ఉన్నాయి. వాళ్లకు ఈ పోలిక కాలక్షేపం కాదు.

1973లో రో వర్సెస్ వేడ్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు అబార్షన్‌ను రాజ్యాంగ హక్కు అంది. 2022 జూన్ 24న డాబ్స్ కేసులో అదే కోర్టు ఆ హక్కు లేదంది. ఇక ఏ రాష్ట్రం ఇష్టం దానిది. టెక్సాస్ దాదాపు పూర్తిగా నిషేధించింది. తల్లి ప్రాణం మీదికి వస్తేనో, ఆమె ఆరోగ్యానికి పెద్ద ముప్పు ఉంటేనో తప్ప కుదరదు. అత్యాచారం వల్ల వచ్చిన గర్భమైనా అంతే, బిడ్డ బతకదని స్కాన్‌లో తేలినా అంతే. చేసిన డాక్టర్‌కు యావజ్జీవం దాకా శిక్ష పడొచ్చు. న్యూజెర్సీలో మాత్రం ఆ హక్కును 2022 జనవరిలోనే చట్టంగా రాసిపెట్టుకున్నారు.

మనకు 1971 నుంచి పార్లమెంటు చేసిన చట్టం ఉంది. 2021 సవరణ తర్వాత 20 వారాల దాకా ఒక డాక్టర్, 24 వారాల దాకా కొన్ని వర్గాల మహిళలకు ఇద్దరు డాక్టర్లు సరేనంటే చాలు. అత్యాచార బాధితులు, మైనర్లు, గర్భంతో ఉండగా భర్త చనిపోయినవాళ్లు, విడాకులు తీసుకున్నవాళ్లు ఆ వర్గాల్లోకి వస్తారు. పెళ్లికానివాళ్లనూ 24 వారాల నిబంధన నుంచి పక్కనపెట్టకూడదని 2022 సెప్టెంబర్ 29న మన సుప్రీంకోర్టు చెప్పింది. ఎక్కువమంది పిల్లల్ని కనమని ముఖ్యమంత్రి చంద్రబాబు అంటున్నా, ఈ చట్టం మీద ఓట్లు అడిగే పార్టీ మన దగ్గర లేదు. అదీ ఒకందుకు మంచిదే అయింది.

అయితే మనది హక్కు కాదు, డాక్టర్‌కు కేసు పడకుండా ఇచ్చిన మినహాయింపు. చట్టం చెప్పిన హద్దు దాటితే భారతీయ న్యాయ సంహిత 88వ సెక్షన్ కింద అది నేరమే, ఆ మహిళకు కూడా. 2023 అక్టోబర్‌లో ఇద్దరు పిల్లల తల్లి ఒకామె 26 వారాల గర్భంతో సుప్రీంకోర్టుకు వెళితే కాదన్నారు. 24 వారాలు దాటాక, తల్లి ప్రాణం కాపాడటానికి వెంటనే చేయాల్సి వస్తే తప్ప, బిడ్డకు తీవ్రమైన లోపం ఉందని మెడికల్ బోర్డు తేల్చాలి. లేదంటే అమరావతి వెళ్లి హైకోర్టు తలుపు తట్టాలి. ఉదయగిరి వైపు పల్లెల్లో కూలికి పోయే మనిషికి నెల్లూరు పెద్దాసుపత్రికి రావడమే ఒక రోజు పని, ఇక హైకోర్టు సంగతి చెప్పేదేముంది!

టెక్సాస్‌తో పోలిస్తే మాత్రం మనదే మేలు, సందేహం లేదు. న్యూజెర్సీతో పోలిస్తే అలా అనలేను. అక్కడ నిర్ణయం ఆమెది, ఇక్కడ డాక్టర్‌ది. పైగా చట్టంలో లేని అడ్డంకి ఇంకొకటి మనమే పెట్టుకున్నాం: భర్త సంతకం. పద్దెనిమిదేళ్లు నిండిన మహిళ ఒప్పుకుంటే చాలు, భర్తదీ అత్తదీ ఎవరి సంతకమూ అక్కర్లేదు. ఎక్కడైనా అడిగితే, ఏ నిబంధన ప్రకారం అడుగుతున్నారో కాగితం మీద రాసివ్వమనండి.