కళ్లద్దాలు లేని త్రీడీ మానిటర్: మూడు నెలలు వాడాక

మూడు నెలలుగా నా టేబుల్ మీద కళ్లద్దాలు అక్కర్లేని త్రీడీ మానిటర్ ఉంది. 27 అంగుళాల 4కే ఎల్‌సీడీ, పై అంచులో రెండు కెమెరాలు. కొనేముందు నేను చదివిన రివ్యూలన్నీ డబ్బా తెరిచిన రోజు ఉత్సాహంలో రాసినవే, దాని ముందు రోజూ గంటల తరబడి కూర్చుంటే ఏమవుతుందో చెప్పినవాళ్లు కనబడలేదు, అందుకే ఇది రాస్తున్నా. కంపెనీ పేరు చెప్పను. నేను చెప్పబోయే వాటిలో చాలావరకు ఈ తరహా మానిటర్లన్నిటికీ వర్తిస్తాయి.

నా పని త్రీడీ ప్రింటింగ్‌కి మోడల్స్ గీయడం. మొదట తెరిచింది ఒక గేర్‌బాక్స్, ఒకదాని వెనక ఒకటి అయిదు పళ్లచక్రాలు. మామూలు స్క్రీన్ మీద ఏది ముందుందో ఏది వెనకుందో తెలియాలంటే మౌస్ పట్టుకుని మోడల్‌ని తిప్పుతూనే ఉండాలి. ఇక్కడ కూర్చున్నచోటే కొంచెం ఎడమకి జరిగితే చాలు, మొదటి చక్రం చాటున ఉన్న రెండో చక్రం పళ్లు బయటికొచ్చాయి, వాటి మధ్య ఉండాల్సిన సందు ఒక చోట లేదు. రెండు పళ్లు ఒకదాంట్లో ఒకటి దూరిపోయి ఉన్నాయి. అదే ఫైల్‌ని అంతకుముందు నాలుగు రోజులు పాత స్క్రీన్ మీద చూసి కూడా నేను పట్టుకోలేకపోయిన తప్పు అది. నాకైతే ఆ ఒక్క క్షణంతోనే ఈ మానిటర్ మీద నమ్మకం కుదిరింది.

ఇది ఎలా పనిచేస్తుందో కాస్త తెలిస్తే దేనికి పనికొస్తుందో, దేనికి పనికిరాదో మీకే అర్థమవుతుంది. పెద్దవాళ్లకి రెండు కళ్ల మధ్య దూరం సగటున 63 మిల్లీమీటర్లు ఉంటుంది, ఆ దూరం వల్ల ఒకే వస్తువు ఒక్కో కంటికి కొంచెం తేడాగా కనిపిస్తుంది, ఆ తేడా నుంచే మెదడు లోతుని లెక్కగడుతుంది. కాబట్టి ఏ కంటి బొమ్మ ఆ కంటికే చేరాలి. ఫ్రెడెరిక్ ఐవ్స్ అనే అమెరికా ఆవిష్కర్త 1900ల మొదట్లోనే ఫోటో ముందు సన్నటి చీలికల తెర పెట్టి ఈ పని చేశాడు, దాన్నే ఇప్పుడు పారలాక్స్ బారియర్ అంటున్నాం. 2011లో వచ్చిన నింటెండో 3డీఎస్ అనే చేతి గేమ్ పరికరంలో ఉన్నదీ అదే. ఆ పద్ధతికి రెండు ఇబ్బందులు. చీలికల మధ్య భాగం వెలుతురుని అడ్డుకుంటుంది కాబట్టి బొమ్మ మసకబారుతుంది, పైగా తల అటూ ఇటూ కదిలిందంటే త్రీడీ చెదిరిపోతుంది.

నా మానిటర్‌లో చీలికలకి బదులు సన్నటి లెన్సుల వరస ఉంది. అది వెలుతురుని ఆపదు, దారి మళ్లిస్తుంది. కెమెరాలు నా కళ్లు ఎక్కడున్నాయో ఎప్పటికప్పుడు చూస్తూ ఉంటే, దాన్నిబట్టి ఏ పిక్సెల్ ఏ కంటికి వెళ్లాలో కంప్యూటర్ మారుస్తుంది. 2020లో సోనీ తెచ్చిన 15.6 అంగుళాల డిస్‌ప్లే కూడా కళ్లని వెంబడించే రకమే.

నన్ను నిజంగా ఆశ్చర్యపరిచింది మాత్రం మామూలు టూడీకి మార్చే బటన్ నొక్కగానే లెన్సులు మాయమవడం. ఎల్‌సీడీ తెరలో ఉండే ద్రవస్ఫటికాన్నే (లిక్విడ్ క్రిస్టల్) లెన్సు లోపల కూడా నింపారు. దాని అణువులు పొడుగ్గా పుల్లల్లా ఉంటాయి, పొడుగు దిశలో వక్రీభవన గుణకం, అంటే వెలుతురుని ఎంత వంచుతుందో చెప్పే అంకె, ఇంచుమించు 1.7, అడ్డంగా 1.5. విద్యుత్తు ఇస్తే ఆ పుల్లలన్నీ తిరిగి నిలబడతాయి, అప్పుడు వాటి గుణకం చుట్టూ ఉన్న ప్లాస్టిక్‌తో సమానమైపోతుంది, వెలుతురు వంగకుండా నేరుగా వచ్చేస్తుంది, లెన్సు అక్కడే ఉన్నా లేనట్టే. విద్యుత్తు తీసేస్తే మళ్లీ లెన్సు. అంటే ఒకే స్క్రీన్‌లో ద్రవస్ఫటికం రెండు ఉద్యోగాలు చేస్తోంది, కింది పొర బొమ్మ గీస్తుంది, పై పొర దాన్ని కళ్లకి పంచుతుంది. 1888లో రైనిట్జర్ అనే వృక్షశాస్త్రవేత్త ఒక కొలెస్టరాల్ పదార్థాన్ని వేడి చేస్తుంటే అది 145.5 డిగ్రీల దగ్గర కరిగి మబ్బుగా ఉండిపోయి, 178.5 డిగ్రీలకి గానీ తేటపడలేదట. ఆ మబ్బు స్థితే ద్రవస్ఫటికం, ఈ కథ మొదలైంది అక్కడే. గది వేడిలో నిలకడగా ఉండే ద్రవస్ఫటికాలని ఇంగ్లండ్‌లోని హల్ యూనివర్సిటీలో జార్జ్ గ్రే బృందం 1973లో ఇచ్చేదాకా ఇంట్లో ఏళ్ల తరబడి వాడగలిగే ఎల్‌సీడీ స్క్రీన్ల సంగతే లేదు. ఆ పదార్థాన్నే ఇప్పుడు లెన్సుగా కూడా వాడుతున్నారంటే నాకు చాలా సంతోషంగా ఉంటుంది.

సరే, ఇక చెడు.

మొదటి వారం నరకం చూశాను. త్రీడీ ఆన్ చేసిన పది నిమిషాలకే తలనొప్పి. లోతు ఉంది గానీ ఏదో తేడాగా ఉంది, ముందుండాల్సిన చక్రం గొయ్యిలా లోపలికి పోతోంది, వెనకది మీదికొస్తోంది. సర్వీస్ వాళ్లకి ఫోన్ చేస్తే "సార్, కొందరికి త్రీడీ పడదండీ, ముందు కళ్ల డాక్టర్‌కి చూపించుకోండి" అన్నారు. నాకు అనుమానం వచ్చి ఎడమ కంటికి ఎరుపు, కుడి కంటికి నీలం వెళ్లేలా ఒక బొమ్మ తయారుచేసి ఒక్కో కన్ను మూసి చూశాను. ఎడమ కంటికి నీలం కనిపించింది. మళ్లీ ఫోన్ చేసి "నా కళ్లు బాగానే ఉన్నాయండీ, మీ స్క్రీనే కుడి ఎడమలు తారుమారు చేస్తోంది" అని చెబితే అప్పుడు గానీ పై అధికారికి ఇవ్వలేదు. రెండు రోజులకి సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ పంపారు, సమస్య పోయింది. మీరు ఏ కంపెనీది కొన్నా మొదటి రోజే ఈ ఎరుపు నీలం పరీక్ష చేసుకోండి, రెండు నిమిషాల పని.

ఒక కంటి బొమ్మ రెండో కంటికి కొంచెం కారడం మాత్రం పోలేదు. నల్లటి బ్యాక్‌గ్రౌండ్ మీద తెల్లటి గీత పెడితే పక్కనే దాని నీడ లాంటి మరో గీత లీలగా కనిపిస్తుంది. బూడిదరంగు బ్యాక్‌గ్రౌండ్ పెట్టుకుంటే దాదాపు తెలియదు, నేను అలాగే వాడుతున్నా.

త్రీడీలో స్పష్టత కూడా తగ్గుతుంది, అది తప్పదు. అడ్డంగా ఉన్న 3840 పిక్సెళ్లని రెండు కళ్లూ పంచుకోవాలి కదా. లెన్సులని నిటారుగా కాకుండా కాస్త వాలుగా పెట్టడం వల్ల ఆ నష్టం అడ్డంగానూ నిలువుగానూ సర్దుకుంటుంది, మోడల్స్ చూడ్డానికి ఇబ్బంది లేదు. చిన్న అక్షరాలు చదవాలంటే మాత్రం టూడీకి మార్చాల్సిందే. టూడీలో కూడా సన్నటి అక్షరాల అంచున పరికించి చూస్తే రంగు చాయ ఒకటి కనిపిస్తుంది. రోజంతా రాతపని చేసేవాళ్లు దీన్ని ఒక్కదాన్నే కొనుక్కోవద్దు.

ఇది ఒక్కరి కోసమే. ఒకసారి అక్కని పిలిచి పక్కన కూర్చోబెడితే "ఏంట్రా ఇది, అన్నీ రెండేసి కనిపిస్తున్నాయి" అంది. లేచి నా కుర్చీలో తనని కూర్చోబెట్టాక గానీ చూడలేకపోయింది, చూశాక మాత్రం చక్రాన్ని పట్టుకోవడానికి చెయ్యి ముందుకి చాపింది. నలుగురు కలిసి చూడాలంటే లుకింగ్ గ్లాస్ అనే కంపెనీ డిస్‌ప్లేల లాంటివి వేరే ఉన్నాయి, అవి ఒకేసారి పదుల కోణాల్లో బొమ్మల్ని పంపుతాయి, కెమెరా అక్కర్లేదు, కానీ ఉన్న పిక్సెళ్లని అన్ని కోణాలకీ పంచాలి కాబట్టి బొమ్మ మెత్తబడుతుంది.

సినిమాల కోసమైతే నా మాట విని కొనకండి. మామూలు వీడియోని అప్పటికప్పుడు త్రీడీగా మార్చే ఆప్షన్ ఇచ్చారు, ముఖం బాగానే వస్తుంది, జుట్టు అంచు దగ్గరా కిటికీ ఊచల దగ్గరా మాత్రం కత్తెరతో కత్తిరించి అంటించినట్టు ఉంటుంది. ఒక్క కెమెరాతో తీసిన దాంట్లో వెనక ఏముందో సాఫ్ట్‌వేర్ ఊహించాల్సిందే కదా. మొదటినుంచీ త్రీడీలో తయారైన వాటికే ఇది సరిపోతుంది, మోడల్స్, కొన్ని గేమ్స్, స్కాన్లు.

కళ్ల అలసట గురించి చాలామంది అడిగారు. మన కళ్లు ఫోకస్ చేసేది స్క్రీన్ ఉన్న దూరానికి, కానీ బొమ్మ ముందుకొచ్చినట్టు కనబడితే కళ్లు రెండూ ఆ దగ్గరి చోటికి తిరుగుతాయి. నిజమైన వస్తువుని చూసేటప్పుడు ఈ రెండూ కలిసే జరుగుతాయి, ఇక్కడ విడిపోతాయి, అలసటకి ముఖ్యమైన కారణం అదే. కళ్లద్దాలు తీసేసినంత మాత్రాన ఇది పోలేదు. లోతు స్లయిడర్ ఫుల్‌లో పెడితే నాకు ఇరవై నిమిషాలే. సగానికి తగ్గించి, మోడల్ మొత్తం స్క్రీన్‌కి కొంచెం వెనకే ఉండేలా పెట్టుకున్నాక గంటన్నర హాయిగా పనిచేస్తున్నా.

గదిలో లైటు తీసేస్తే కెమెరాలకి కళ్లు దొరకవు, బొమ్మ వణుకుతుంది. నాకు చత్వారం అద్దాలున్నాయి, మొదట్లో టేబుల్ లైటు వాటిలో మెరిసి కెమెరాని తికమక పెట్టేది, లైటుని స్క్రీన్ వెనక్కి జరిపాక ఆ గొడవ లేదు. తల ఒక పక్కకి వాల్చి కూర్చునే అలవాటు ఉంటే మానుకోవాలి, లెన్సులు బొమ్మని కుడి ఎడమలకే పంచుతాయి, తల బాగా వాలిస్తే లోతు పోతుంది.

పాత మానిటర్ తీసెయ్యలేదు, రాతపనికి అది పక్కనే ఉంది. ప్రింట్‌కి పంపే ముందు మాత్రం ప్రతి మోడల్‌నీ దీని మీద ఒకసారి అటూ ఇటూ జరిగి చూస్తున్నా. మొన్న ఒక మూత లోపలి గోడ మరీ పలచగా ఉందని అలాగే దొరికింది.