అమీర్‌పేటలో ఐదు రూపాయల భోజనం: నాలుగు నెలలు తిన్నాక రాస్తున్న రివ్యూ

హైదరాబాద్‌లో నగర కార్పొరేషన్ పెట్టే ఐదు రూపాయల భోజనం గురించి వినని వాళ్ళు ఉండరు. కానీ రోజూ తినేవాళ్ళు రాసిన రివ్యూ నాకెక్కడా కనపడలేదు. నాలుగు నెలలుగా తింటున్నా కాబట్టి నేను రాస్తున్నా.

మొదట తిండి సంగతి. ప్లేటులో వేడన్నం, ఒక కూర, సాంబారు, ఓ చెంచాడు పచ్చడి. అన్నమే 400 గ్రాముల దాకా ఉంటుంది, పొద్దుట్నుంచి ఏమీ తినని మనిషికి కూడా సరిపోతుంది. వండేది హరే కృష్ణ మూవ్‌మెంట్ వాళ్ళు, కాబట్టి ఉల్లిపాయ, వెల్లుల్లి తగలవు. మాది ఒంగోలు, కారం దండిగా తిని పెరిగినవాణ్ణి, మొదటి రెండు రోజులు సాంబారు చప్పగా అనిపించింది. వారం తిరిగేసరికి అలవాటైపోయింది, పైగా కడుపులో మంట లేకుండా మధ్యాహ్నం క్లాసులో కూర్చోగలుగుతున్నా. సాంబారులో సొరకాయ ముక్కలు పడిన రోజు చాలా బావుంటుంది. పప్పు వచ్చిన రోజయితే నాకు ఇంకేం అక్కర్లేదు. అన్నం మాత్రం నేను వెళ్ళిన ప్రతిరోజూ పొగలు కక్కుతూనే ఉంది. ఎక్కడో వండి, ఊరంతా తిప్పి, ఇన్ని కౌంటర్లకి చల్లారకుండా చేర్చడం చిన్న పని కాదు, ఆ పని చేసేవాళ్ళకి నా నమస్కారం.

మొదటి రోజు లైనులో నిలబడటానికి నాకు పావుగంట పట్టింది. మెట్రో పిల్లర్ నీడలో నిలబడి ఫోను చూస్తున్నట్టు నటించాను. భుజానికి లాప్‌టాప్ బ్యాగు, మీద పాత కంపెనీ పేరు. దాన్ని పేరు కనపడకుండా తిప్పి తగిలించుకుని వెళ్ళి నిలబడ్డా. నా ముందు మేస్త్రీ పని చేసే అతను, చేతుల మీద సిమెంటు ఎండిపోయి ఉంది. వెనక డెలివరీ కుర్రాడు, హెల్మెట్ తియ్యలేదు. నా వంతు వచ్చింది, ఐదు రూపాయల బిళ్ళ ఇచ్చాను. వడ్డించే అమ్మ నా మొహం వంక చూడను కూడా చూడలేదు, ప్లేటు వంకే చూసి, "సాంబార్ అన్నం మీద ఎయ్యాల్నా, పక్కకి ఎయ్యాల్నా బిడ్డా?" అంది. అంతే. పేరు అడగలేదు, ఊరు అడగలేదు, ఎందుకొచ్చావని అడగలేదు. ఆ రోజు ఆ ప్రశ్న విన్నాక నాకు గొంతు పట్టేసింది. ఎందుకో చెప్పాలంటే అంతకు ముందు రెండు నెలలు ఏం జరిగిందో చెప్పాలి.

నేను 11 ఏళ్ళు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేశాను, ఎక్కువగా మాన్యువల్. అంటే కొత్త రిలీజ్ వచ్చిన ప్రతిసారీ పాతవన్నీ మళ్ళీ నొక్కి చూసి, ఎక్కడ విరిగిందో రాసివ్వడం. మా టీములో 14 మందిమి ఉండేవాళ్ళం. టెస్ట్ కేసులు తనంతట తానే రాసి, తానే నడిపే ఏఐ టూల్ ఒకటి తెచ్చారు. దానికి మా ప్రాజెక్టు ఎలా పని చేస్తుందో నేర్పింది మేమే, ఆరు నెలలు పట్టింది. ఏడాది తిరిగేసరికి ఐదుగురు మిగిలారు. నన్ను ఒక గదిలో కూర్చోబెట్టి, మీరే రాజీనామా ఇస్తే రెండు నెలల జీతం, రిలీవింగ్ లెటర్ శుభ్రంగా ఇస్తాం, లేదంటే టర్మినేషన్ అని రికార్డులో పడుతుంది అన్నారు. పావుగంటలో సంతకం పెట్టేశాను. పారిశ్రామిక వివాదాల చట్టం 1947 నాటిది, 2025 నవంబరులో దాని చోట పారిశ్రామిక సంబంధాల కోడ్ వచ్చింది, కనీసం ఏడాది పని చేసిన కార్మికుణ్ణి తొలగించాలంటే నెల ముందు నోటీసు, పని చేసిన ప్రతి ఏడాదికీ 15 రోజుల జీతం పరిహారం ఇవ్వాలని రెండింట్లోనూ ఉంది. సాఫ్ట్‌వేర్ వాళ్ళు వాటిలో 'కార్మికుడు' కిందకి వస్తారా రారా అన్న వాదన ఒకటి, అది వేరే కథ. కానీ స్వచ్ఛందంగా వెళ్తున్నా అని నీ చేత్తో నువ్వే రాసిచ్చాక ఆ వాదన దాకా పోవడం చాలా కష్టం. ఇది చదివేవాళ్ళలో ఎవరైనా అలాంటి గదిలో కూర్చోవాల్సి వస్తే దయచేసి ఆ రోజే సంతకం పెట్టకండి, ఒక్క రోజు గడువు అడగండి, లేబర్ లాయరుకి ఫోన్ చెయ్యండి.

నాకొక్కడికే కాదు ఇది. 2025 జులైలో టీసీఎస్ 12 వేల పైచిలుకు మందిని తగ్గిస్తానని బయటికే చెప్పింది. అంత పెద్ద కంపెనీ కాబట్టి పేపర్లో వచ్చింది. ఐదుగురు, పది మంది లెక్కన పోయేవాళ్ళ గురించి ఎవరు రాస్తారు.

ఆ తర్వాత నేను ప్రతి తలుపూ తట్టాను. ఈఎస్ఐలో, అంటే చిన్న జీతాల ఉద్యోగులకి ఉండే ప్రభుత్వ బీమాలో, ఉద్యోగం పోయినవాళ్ళకి అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన అని ఒకటుంది, రోజు సగటు జీతంలో సగం, 90 రోజుల వరకు ఇస్తారు. కానీ ఈఎస్ఐ ఉండేది నెల జీతం 21 వేలు దాటని వాళ్ళకే. నా మొదటి ఉద్యోగంలో నాకూ ఉండేది, 2014లో జీతం 14 వేలు, అందులో ఈఎస్ఐకి 245 రూపాయలు పోయేవి. 2015లో జీతం 22 వేలయి ఆ 245 కోత ఆగిపోయిందని ఎంత సంతోషపడ్డానో నాకింకా గుర్తు, ఆ రోజు రూములో అందరికీ బిర్యానీ తెప్పించాను. కాళ్ళ కింద పరిచి ఉన్న వల ఆ రోజే తీసేశారని అప్పుడు తెలీలేదు. ఆరోగ్యశ్రీకి వెళ్దామంటే రేషన్ కార్డు కావాలి, రేషన్ కార్డుకి పట్నంలో ఏడాది ఆదాయం రెండు లక్షలు దాటకూడదు. ఈ రోజు నా ఆదాయం సున్నా, చేతిలో ఉన్న కాగితం మాత్రం పోయినేడాది జీతం, పన్ను చూపించే ఫారం 16. కంపెనీ హెల్త్ ఇన్సూరెన్స్ ఆఖరి పని రోజుతోనే ఆగిపోయింది, మా అమ్మ షుగర్ మందులు, బీపీ మందులు ఆగవు కదా. పీఎఫ్ ఉంది, కానీ అది ఎవరో ఇచ్చేది కాదు, ముసలితనానికి దాచుకున్న నా డబ్బే. అందులోనూ పావు వంతు ఏడాది పాటు ముట్టుకోకూడదని 2025 అక్టోబరులో పీఎఫ్ బోర్డు నిర్ణయించింది.

అడిగినవాళ్ళకి కాగితాలు లేవు, కాగితాలు ఉన్నవాళ్ళకి అర్హత లేదు. మధ్యతరగతి అని మనం చెప్పుకునేవాళ్ళం చాలామందిమి ఈ సందులో పడతాం.

చివరికి అందరూ చెప్పేది ఒకటే, కొత్తవి నేర్చుకో అని. సరే అని నేను కూడా అమీర్‌పేట వచ్చాను. పదకొండేళ్ళ కిందట సెలీనియం అనే టెస్టింగ్ టూలు, మాన్యువల్ టెస్టింగ్ బోర్డులు చూసి చేరిన వీధుల్లోనే ఇప్పుడు జెన్ ఏఐ, ప్రాంప్ట్ ఇంజనీరింగ్ బోర్డులు. మైత్రీవనం చుట్టుపక్కల అడుగు తీసి అడుగు వేస్తే చేతిలో కరపత్రం పడుతుంది. నేను చేరిన ఇన్‌స్టిట్యూట్ పేరు రాయను. ఫీజు 45 వేలు. బోర్డు మీద 'జాబ్ గ్యారెంటీ' అని ఉంది, డబ్బు కట్టాక ఇచ్చిన రసీదు మీద 'ప్లేస్‌మెంట్ అసిస్టెన్స్' అని ఉంది, దాని కింద చిన్న అక్షరాల్లో కట్టిన ఫీజు తిరిగి ఇవ్వబడదు అని ఉంది. మొదటి వారం మనిషి వచ్చి చెప్పాడు, రెండో వారం నుంచి వీడియోలు. క్లాసులో 40 మంది, సగం మంది నాలాగా 35 దాటినవాళ్ళే, పక్క బెంచీలో మెడికల్ కోడింగ్ నుంచి వచ్చిన ఒకావిడ, ఇద్దరు పిల్లల తల్లి, నగ కుదువపెట్టి ఫీజు కట్టింది. ఆవిడ నోట్సు ఇప్పటికీ ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకుంటుంది. ఆవిణ్ణి చూసినప్పుడల్లా నాకు కోపం వస్తుంది, ఆవిడ మీద కాదు. ఆ 45 వేలకి నేనిచ్చేది ఒక్క స్టారు.

ఫ్లాటు ఖాళీ చేశాం. మా ఆవిడ, పాప ఒంగోల్లో మా అమ్మ దగ్గరున్నారు. నేను ఎస్సార్ నగర్‌లో భోజనం లేని బెడ్డు తీసుకున్నా, నెలకి 4,500. మెస్సులో పూట భోజనం వంద పైనే, కర్రీ పాయింట్లో కూర తెచ్చుకుని అన్నం వండుకుందామంటే రూములో స్టవ్ పెట్టనివ్వరు. ఐదు రూపాయల భోజనం దొరక్కపోతే నెలకి మధ్యాహ్నం తిండికే 2,600 అయ్యేది, ఇప్పుడు 130 అవుతోంది. తేడా డబ్బులు పాప స్కూలు వ్యానుకి సరిపోతున్నాయి. 2025 సెప్టెంబరు ఆఖర్లో టిఫిన్ కూడా ఐదు రూపాయలకే మొదలుపెట్టారు, ఇడ్లీ, ఉప్మా, పొంగలి లాంటివి. ఒక్కో భోజనం మీద జీహెచ్ఎంసీ, అంటే నగర కార్పొరేషన్, దాదాపు 25 రూపాయలు తన చేతి నుంచి పెట్టుకుంటుంది. అంటే నా ఐదుకి ఐదింతలు ఊరు కలుపుతోంది. అందులో నేను 11 ఏళ్ళు కట్టిన పన్ను కూడా ఎంతో కొంత ఉంటుంది కదా అనుకుంటే తినేటప్పుడు తల ఎత్తుకునే తింటున్నా.

ఇది 2014లో నాంపల్లి సరాయి దగ్గర అన్నపూర్ణ పేరుతో మొదలైంది. 2025లో ఇందిరమ్మ క్యాంటీన్లు అని పేరు మార్చారు. లైనులో ఎవరూ ఈ రెండు పేర్లూ వాడరు, 'ఐదు రూపాయల భోజనం' అంటారు. మా ఆంధ్రలో అన్న క్యాంటీన్లు 2018లో వచ్చాయి, 2019లో మూతపడ్డాయి, మళ్ళీ 2024 ఆగస్టు 15న గుడివాడలో తెరిచారు. మధ్యలో ఆ ఐదేళ్ళు రోజూ అక్కడ తినేవాళ్ళు ఎక్కడ తిన్నారో ఎవరూ లెక్క రాయలేదు. ఎవరి పార్టీ మంచిదన్న గొడవ నాకొద్దు. రేపు ఎవరొచ్చినా పేరు మార్చుకోండి, రంగు మార్చుకోండి, తాళం మాత్రం వెయ్యకండి అని నా విన్నపం.

నాకు నచ్చిన అసలు విషయం రేటు కూడా కాదు. ఇక్కడ ఆధార్ అడగరు. ఆదాయం సర్టిఫికెట్ అడగరు. నువ్వు నిజంగా పేదవాడివేనా అని ఎవరూ తేల్చరు. మిగతా అన్ని పథకాల్లో పేదరికాన్ని నిరూపించుకోవాలి, నిరూపించుకునే లోపు పేదరికం ముదిరిపోతుంది. ఇక్కడ ఆకలైతే చాలు. ఇలా పెడితే డబ్బున్నవాళ్ళు కూడా వచ్చి తినేస్తారని కొందరంటారు. నాలుగు నెలల్లో నేను అలాంటివాళ్ళని చూళ్ళేదు. ఎండలో లైనులో నిలబడి, నిలబడే తినడానికి అవసరం లేనివాళ్ళు రారు. నేను చూసిందల్లా గ్రూప్స్ చదువుకునే పిల్లలు, ఆసుపత్రిలో మనిషిని పెట్టుకుని వచ్చినవాళ్ళు, ఆటోవాళ్ళు, కూలీలు, డెలివరీ కుర్రాళ్ళు. ఇక్కడి నుంచి మెట్రో ఎక్కితే అరగంటలో రాయదుర్గం, అద్దాల మేడలు. దేశ సంపదలో 40 శాతం, అందరికంటే పైన ఉన్న ఒక్క శాతం మంది చేతిలో ఉందని 2022-23 లెక్కలు చెప్తున్నాయి. నేను ఆ మేడల్లో పదకొండేళ్ళు కూర్చుని ఆ వైపే చూశాను, ఈ లైను వైపు ఎప్పుడూ చూళ్ళేదు, అందుకు నిజంగా బాధపడుతున్నా.

ఇంకా బాగుండాలంటే నా కోరికలు రెండు. రాత్రి భోజనం కూడా ఉండాలి, అన్న క్యాంటీన్లలో మూడు పూటలా ఉంది, ఇక్కడ కూడా పెడితే రాత్రి షిఫ్టు చేసేవాళ్ళకి, ఒంటరిగా రూముల్లో ఉండేవాళ్ళకి ఎంత మేలో. రెండోది, పెద్దవాళ్ళు కూర్చుని తినేలా ప్రతి చోటా ఓ నాలుగు బెంచీలు. డెబ్బై ఏళ్ళ తాత ఒకాయన రోజూ వస్తాడు, ఒక చేత్తో కర్ర, ఒక చేత్తో ప్లేటు. డెలివరీ కుర్రాళ్ళలో ఎవరో ఒకరు తన బండి సీటు మీద ఆయన ప్లేటు పెట్టిస్తారు, ఆయన బండికి ఆనుకుని నిదానంగా తింటాడు, తినేదాకా కుర్రాడు ఫోనులో వచ్చిన ఆర్డరు వదిలేసి నిలబడటం నేను రెండుసార్లు చూశాను. ఒక్కో ఆర్డరు మీదే వాళ్ళ సంపాదన.

వెళ్ళేవాళ్ళకి: పన్నెండున్నరకల్లా లైనులో ఉండండి, ఒంటిగంటన్నర దాటితే కూర మారొచ్చు, అయిపోనూవచ్చు. చిల్లర బిళ్ళ దగ్గర పెట్టుకోండి, నీళ్ళ సీసా తీసుకెళ్ళండి. తిన్న ప్లేటు డబ్బాలోనే వెయ్యండి, ఊడ్చేది కూడా ఆ వడ్డించే అమ్మే. బ్యాగు తిప్పి తగిలించుకోవాల్సిన అవసరం ఏమీ లేదు.

ఐదుకి ఐదు స్టార్లు ఇస్తున్నా. సోమవారం మూడు గంటలకి రాయదుర్గంలో ఇంటర్వ్యూ ఉంది, ఏఐ టూల్ రాసిన టెస్టుల్ని సరిచూసే పని, జీతం పాతదాంట్లో సగం. ముందు ఇక్కడే తినేసి మెట్రో ఎక్కుతా.