అడ్వాన్స్‌డ్ నొక్కాలా, బ్రౌజర్ మార్చాలా, నెట్‌వర్క్ మార్చాలా? సెక్యూరిటీ హెచ్చరిక వచ్చినప్పుడు ఏది మేలు?

పరీక్షా ఫలితాలు వెలువడే రోజుల్లోనూ, ప్రభుత్వ దరఖాస్తుల గడువు ముగియబోయే రోజుల్లోనూ నాకు పదే పదే వచ్చే స్క్రీన్‌షాట్ ఒకటుంది. తెల్లని పేజీ మీద ఎర్రని త్రికోణం, దాని కింద ‘యువర్ కనెక్షన్ ఈజ్ నాట్ ప్రైవేట్’ (మీ కనెక్షన్ గోప్యంగా లేదు) అన్న వాక్యం, ముందుకు వెళ్లే లింకును దాచుకున్న ‘అడ్వాన్స్‌డ్’ బటన్. దానితోపాటు వచ్చే ప్రశ్న కూడా ఎప్పుడూ ఒకటే: ‘ఇది ప్రభుత్వ సైటే కదండీ, అడ్వాన్స్‌డ్ నొక్కి లోపలికి వెళ్లవచ్చా?’ కొందరు ఎవరినీ అడగకుండానే క్రోమ్ మూసి ఫైర్‌ఫాక్స్‌లో తెరుస్తారు. మరికొందరు వైఫై ఆపి మొబైల్ డేటాతో ప్రయత్నిస్తారు. ఈ మూడు దారుల్లో నేను మూడోదానివైపే మొగ్గుతాను.

ముందుగా, ‘ప్రభుత్వ సైటే కదా’ అన్న ఆ వాదన గురించి చెప్పాలి. సైటు మంచిదా చెడ్డదా అన్న సంగతి ఈ హెచ్చరికకు సంబంధం లేని విషయం. సైటు తన గుర్తింపు కార్డుగా చూపే డిజిటల్ పత్రం, అంటే సర్టిఫికెట్, సరిగా లేనందున మీరు అడిగిన సైటుకే చేరుకున్నారో లేదో నిర్ధారించలేకపోతున్నానని మాత్రమే బ్రౌజర్ చెబుతోంది. బ్యాంకు నుంచి వచ్చానని గుమ్మంలో నిలబడిన మనిషి చూపిన గుర్తింపు కార్డు సరిగా లేనప్పుడు, ఆ బ్యాంకుకు ఎంత మంచి పేరున్నా ఆ మనిషిని లోపలికి రానివ్వడానికి ఆ పేరు ఆధారం కాదు. సైటు ఎంత ముఖ్యమైనదైతే హెచ్చరికను అంత తేలిగ్గా దాటవచ్చని చాలామంది అనుకుంటున్నారు గాని, ఆ లెక్క పూర్తిగా తలకిందులుగా ఉంది.

పేజీ మొత్తం ఎర్రగా మారి, సైటు ప్రమాదకరమైనదని లేదా మోసపూరితమైనదని చెప్పే హెచ్చరిక వేరే జాతిది. అది ప్రమాదకరమైన సైట్లను నమోదు చేసే గూగుల్ సేఫ్ బ్రౌజింగ్ జాబితా ఆధారంగా వస్తుంది. అక్కడ పోల్చి చూడడానికి ఏమీ లేదు, వెనక్కి రావడమే.

ఇక అడ్వాన్స్‌డ్ నొక్కి ముందుకు వెళ్లే దారి. ఇది సరైనదయ్యే సందర్భాలు లేకపోలేదు. మీ ఇంటి రూటర్ సెట్టింగుల పేజీ తెరిచినప్పుడు హెచ్చరిక రావడం సహజం, ఎందుకంటే ఆ సర్టిఫికెట్‌ను రూటరే తనకు తాను రాసుకుంది. అలాగే సర్టిఫికెట్ గడువు నిన్ననో మొన్ననో ముగిసి, మీరు అందరికీ అందుబాటులో ఉండే నోటిఫికేషన్‌నో పట్టికనో చదవడానికి మాత్రమే వెళ్తుంటే నష్టం తక్కువే. అయితే ‘నేను పాస్‌వర్డ్ కొట్టను, చూసి వచ్చేస్తానంతే’ అనేవారు ఒక విషయం గమనించాలి. మీరు ఆ సైటులో ఇదివరకే లాగిన్ అయి ఉంటే, పేజీ తెరవగానే మీ లాగిన్ కుకీని, అంటే మీరు లాగిన్ అయి ఉన్నారని సైటుకు తెలిపే గుర్తును, బ్రౌజర్ తనంతట తానే అవతలివారికి పంపుతుంది. మీరు ఒక్క అక్షరం టైపు చేయకపోయినా, మధ్యలో ఎవరైనా కూర్చుని ఉంటే ఆ కుకీ వారి చేతిలో పడుతుంది. అందుచేత తప్పనిసరిగా చూడవలసి వస్తే పాత లాగిన్ కుకీలు వెళ్లని ఇన్‌కాగ్నిటో విండోలో తెరవడం ఉత్తమం. కొన్ని సైట్లకు ముందుకు వెళ్లే లింకే కనిపించదు. సర్టిఫికెట్ సరిగా లేకపోతే ఎవరినీ రానివ్వవద్దని ఆ సైటువారే బ్రౌజర్‌కు ముందుగా చెప్పి ఉంచారన్నమాట. ఆ అడ్డును దాటే చిట్కాల కోసం వెతకవద్దని గట్టిగా చెబుతున్నాను.

రెండో దారి, అంటే బ్రౌజర్ మార్చడం, మనవాళ్లు అన్నిటికన్నా ఎక్కువగా నమ్మేది. వేరే బ్రౌజర్‌లో హెచ్చరిక రాకపోతే మొదటిదే పొరబడిందని తేల్చేస్తారు. నిజానికి సర్టిఫికెట్లు జారీ చేసే సంస్థల్లో వేటిని నమ్మాలో చెప్పే జాబితా బ్రౌజర్‌కూ బ్రౌజర్‌కూ వేరుగా ఉండవచ్చు. ఫైర్‌ఫాక్స్‌కు సొంత జాబితా ఉంది; క్రోమ్ చాలాకాలం విండోస్ జాబితా మీద ఆధారపడి, 2022 నుంచి తన సొంత జాబితాకు మారింది. ఈ తేడా ఎంత దూరం వెళ్లగలదో మన దేశపు ఉదంతమే ఒకటి చూపిస్తుంది. గూగుల్‌కు చెందిన కొన్ని చిరునామాల పేరిట అనుమతి లేకుండా జారీ అయిన సర్టిఫికెట్లను 2014 జులై 2న గూగుల్ గుర్తించింది. అవి కేంద్ర ప్రభుత్వ ఐటీ సంస్థ అయిన నేషనల్ ఇన్ఫర్మేటిక్స్ సెంటర్ సర్టిఫికెట్ విభాగం నుంచి వెలువడ్డాయి. భారత ప్రభుత్వ మూల సర్టిఫికెట్, అంటే దాని కింద జారీ అయ్యే మిగతావాటి నమ్మకానికి ఆధారమైనది, మైక్రోసాఫ్ట్ జాబితాలో ఉన్నందువల్ల విండోస్‌లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ వంటివి వాటిని నమ్మే స్థితిలో ఉండగా, ఆ మూలం తన జాబితాలో లేని ఫైర్‌ఫాక్స్ వాటిని ఒప్పుకోదు. మరునాడే ఆ విభాగపు సర్టిఫికెట్లను రద్దు చేశారు. అలాంటి సందర్భంలో హెచ్చరిక చూపని బ్రౌజర్‌ను నమ్మినవారే మోసపోతారు. ఐఫోన్‌లోనైతే ఈ ప్రయత్నానికి అర్థమే లేదు, మన దేశంలో ఆ ఫోన్ల మీద క్రోమ్, ఫైర్‌ఫాక్స్ రెండూ ఆపిల్ జాబితా మీదే ఆధారపడతాయి.

బ్రౌజర్ మార్పు నిజంగా పనికివచ్చే చోటు ఒకటుంది. ఉచితంగా సర్టిఫికెట్లు ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ మూల సర్టిఫికెట్ ఆండ్రాయిడ్ 7.1.1 కంటే పాత ఫోన్లలో లేదు. ఆ ఫోన్లను అంతకాలం నెట్టుకొచ్చిన ప్రత్యేక ఏర్పాటు 2024 సెప్టెంబరు 30తో ముగిసింది. అలాంటి ఫోన్‌లో ఫైర్‌ఫాక్స్ ఉంటే, దాని జాబితా దానికే ఉంటుంది కనుక, క్రోమ్ తెరవని సైట్లు అందులో న్యాయంగానే తెరుచుకోవచ్చు.

నెట్‌వర్క్ మార్చడాన్ని నేను మేలనడానికి కారణం ఇదే. మీకూ సైటుకూ మధ్య దూరి వినదలచినవాడు ఉండేది బ్రౌజర్‌లో కాదు, దారిలో. మీరు కూర్చున్న వైఫైలోనో, సెట్టింగులు తారుమారైన ఇంటి రూటర్‌లోనో ఉంటాడు. బ్రౌజర్ ఎన్నిసార్లు మార్చినా మీరు ఆ దారినే వెళ్తున్నారు. దారిని మార్చి చూస్తేనే తప్పు ఎక్కడుందో తెలుస్తుంది. వైఫైలో హెచ్చరిక వచ్చి, మొబైల్ డేటాలో అదే సైటు మామూలుగా తెరుచుకుంటే, లోపం ఆ వైఫైలోనే ఉంది. ఆ వైఫై మీద అడ్వాన్స్‌డ్ నొక్కి ఉంటే మీ పాస్‌వర్డ్ ఎవరి చేతికి చేరేదో ఊహించండి. వైఫైలోనూ మొబైల్ డేటాలోనూ అదే హెచ్చరిక వస్తే లోపం సైటులోనో మీ పరికరంలోనో ఉండవచ్చు. అప్పుడు మరొకరి ఫోన్‌లో కూడా తెరిచి చూస్తే ఆ రెండింటిలో ఏదో తేలిపోతుంది.

ఈ పరీక్షకు కొన్ని షరతులున్నాయి. వీపీఎన్ యాప్ నడుస్తుంటే ముందు దాన్ని ఆపాలి, లేకపోతే వైఫై అయినా మొబైల్ డేటా అయినా ట్రాఫిక్ అంతా ఆ యాప్‌వారి సర్వర్ గుండానే పోతుంది. ఇంటి బ్రాడ్‌బ్యాండ్, సిమ్ ఒకే కంపెనీవైతే వేరే కంపెనీ సిమ్‌తో చూడడం మంచిది. ల్యాప్‌టాప్‌లో పరీక్షించాలంటే ఫోన్ హాట్‌స్పాట్ చాలు. రైల్వే స్టేషన్, విమానాశ్రయం, హోటల్ వైఫైలలో కనిపించే హెచ్చరికల్లో చాలావాటి వెనుక ఉన్నది దొంగతనం కాదు. ఫోన్ నంబరు, ఓటీపీ అడిగే లాగిన్ పేజీని చూపించడానికి ఆ వైఫై మీ దారిని అడ్డగించడమే కారణం. అక్కడ కూడా ముందుకు నొక్కకుండా, ఆ లాగిన్ పేజీ నోటిఫికేషన్‌ను తెరిచి పని ముగించుకుంటే సైట్లు వాటంతటవే సరిగా తెరుచుకుంటాయి.

పరికరంలో లోపం అంటే చాలాసార్లు తేదీయే. పాత కంప్యూటర్ మదర్‌బోర్డు మీది చిన్న బ్యాటరీ అయిపోతే, తేదీ కొన్నేళ్లు వెనక్కి పోయి దాదాపు ప్రతి సైటుకూ హెచ్చరిక వస్తుంది. తేదీ సరిచేస్తే సరిపోతుంది. ఒక్క సైటుకే వస్తుంటే, హెచ్చరిక పేజీలోని ఎర్రర్ కోడ్‌లో ‘డేట్ ఇన్‌వ్యాలిడ్’ అని ఉందో, ‘అథారిటీ ఇన్‌వ్యాలిడ్’ అని ఉందో చదవండి. మొదటిది, అంటే సర్టిఫికెట్ గడువు ముగియడం, సాధారణంగా నిర్వాహకుల అలసత్వం. రెండోదాన్ని, అంటే జారీ చేసినవారిని బ్రౌజర్ నమ్మకపోవడాన్ని, సైటు మీ రూటర్‌ది కానంతవరకు అనుమానంతోనే చూడాలి. సర్టిఫికెట్ గరిష్ఠ గడువు 398 రోజుల నుంచి దశలవారీగా తగ్గి, 2029 మార్చి 15 నాటికి 47 రోజులకు చేరనుంది. సర్టిఫికెట్లను ఇంకా చేత్తో మారుస్తున్న కార్యాలయాల సైట్లలో మొదటి రకం హెచ్చరికలు పెరగవచ్చని నా అంచనా.

డబ్బు చెల్లించే సైటైనా, ఆధార్ నంబరు అడిగే సైటైనా, కోడ్ ఏదైనా సరే, హెచ్చరిక ఉన్నంతసేపు ఏ వివరమూ ఇవ్వవద్దు. బ్యాంకుల విషయంలో హెచ్చరిక లేకపోయినా చిరునామా చివర ‘డాట్ బ్యాంక్ డాట్ ఇన్’ ఉందో లేదో చూడండి. మోసగాళ్లు కూడా తమ నకిలీ చిరునామాకు సరైన సర్టిఫికెట్ తెచ్చుకోగలరు. రిజర్వ్ బ్యాంకు 2025 అక్టోబరు 31లోగా బ్యాంకులన్నీ ఆ చిరునామాకు మారాలని ఆదేశించింది అందుకే.

గడువు చివరి రోజున దరఖాస్తు సైటు రెండు నెట్‌వర్కుల్లోనూ, ఇంకొకరి ఫోన్‌లోనూ అదే హెచ్చరిక చూపిస్తుంటే, ఎర్రర్ కోడ్, తేదీ, సమయం కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి, నోటిఫికేషన్‌లో ఇచ్చిన హెల్ప్‌డెస్క్‌కు అప్పటికప్పుడే మెయిల్ చేయండి. గడువు పొడిగించమని అడిగేటప్పుడు మీ దగ్గర ఉండే రుజువు అదే.