ఏటా 2,950 కట్టించుకునే కార్డు: క్లోజ్ చేయకుండా డౌన్‌గ్రేడ్ ఎందుకు చేయించానంటే

నా ప్రీమియం క్రెడిట్ కార్డు ఫీజు ఏడాదికి 2,500 రూపాయలు. దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపితే 2,950. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నప్పుడు తీసుకున్నాను, గుంటూరు వచ్చేశాక కూడా ఏళ్ల తరబడి వాడాను. ఈమధ్యే దాన్ని అదే బ్యాంకులో ఫీజు లేని కార్డుకు మార్పించుకున్నాను, దీన్నే డౌన్‌గ్రేడ్ అంటారు. బ్యాంకు పేరు చెప్పడం లేదు. ఈ లెక్క ఫీజు ఉన్న ఏ కార్డుకైనా వర్తిస్తుంది.

హైదరాబాద్‌లో ఉన్నంతకాలం ఇది నిజంగా మంచి కార్డు. ఆఫీసు పని మీద తరచూ విమానం ఎక్కాల్సి వచ్చేది. తెల్లవారుజామున శంషాబాద్ చేరితే, ఈ కార్డు చూపించి వెళ్లే ఎయిర్‌పోర్టు లాంజ్‌లోనే టిఫిన్, కాఫీ అయిపోయేవి. ఏడాదిలో 4 లక్షలు ఖర్చు పెడితే ఫీజు మాఫీ. టికెట్లు, హోటళ్లు ముందు నా కార్డు మీద పెట్టి తర్వాత ఆఫీసు నుంచి తీసుకునేవాణ్ణి కాబట్టి ఆ 4 లక్షలు వాటంతటవే దాటేవి. అప్పట్లో ఫీజు గురించి ఆలోచించే అవసరమే రాలేదు.

గుంటూరులో నా ఖర్చుల తీరు వేరు. హైదరాబాద్ వెళ్లాలంటే తిరుపతి నుంచి సికింద్రాబాద్ వెళ్లే వందే భారత్ గుంటూరులోనే ఆగుతుంది. విమానం కోసం గన్నవరం వెళ్లే పని ఎప్పుడో గాని పడదు. బ్రాడీపేటలో టిఫిన్ సెంటర్, అరండల్‌పేటలో మందుల షాపు, ఇంటి ముందుకొచ్చే కూరగాయల బండి, అన్నీ క్యూఆర్ కోడ్ మీదే నడుస్తున్నాయి. ఆ కోడ్ దగ్గర నా వీసా కార్డు పనిచేయదు. యూపీఐకి లింక్ అయ్యేది రూపే క్రెడిట్ కార్డే. ఇక కార్డు మీద పడేవి కరెంటు బిల్లు, ఇన్సూరెన్స్, ఆన్‌లైన్ కొనుగోళ్లు, అంతే. 4 లక్షలు ఎక్కణ్ణుంచి వస్తాయి?

కార్డు లాభాలను చాలామంది లాంజ్‌కు ఇంత, సినిమా టికెట్‌కు ఇంత, హోటల్ డిస్కౌంట్‌కు ఇంత అని కూడేసి, ఫీజు కంటే మూడింతలు వస్తోంది కదా అంటారు. ఆ లెక్క నాకు ఎప్పుడూ నచ్చలేదు. ఆ కార్డే లేకపోతే నా జేబులోంచి డబ్బు తీసి అవి కొనుక్కునేవాణ్ణా అన్నదే అసలు ప్రశ్న. లాంజ్ ధర వెయ్యి రూపాయలని రాసుకోవచ్చు. కానీ లాంజ్ లేకపోతే నేను తినేది రెండు ఇడ్లీ, ఒక కాఫీ. కాబట్టి నా వరకు దాని విలువ ఆ టిఫిన్ ఖర్చే. అలా చూస్తే నా కార్డు గుంటూరులో ఏడాదికి వెయ్యి రూపాయల లాభం కూడా ఇవ్వడం లేదు.

ఫీజు మాఫీ కోసం ఖర్చు పెంచుకోవడం ఇంకా నష్టం. విజయవాడ బందరు రోడ్డులో నగలు కొనేటప్పుడు కార్డు మీద కట్టేస్తే టార్గెట్‌కు దగ్గరవుతాం కదా అని ఇంట్లో అనుకున్నాం. కౌంటర్ దగ్గర అడిగితే, "స్వైప్ అయితే రెండు శాతం ఎక్స్‌ట్రా అండీ" అన్నారు. లక్షన్నర బిల్లుకు అది 3,000. మాఫీ అయ్యే ఫీజు 2,950. బ్యాంకు ట్రాన్స్‌ఫర్ చేసి వచ్చేశాం.

మరో మాట. బిల్లు పూర్తిగా కట్టకుండా మినిమం డ్యూ, అంటే బ్యాంకు అడిగే కనీస మొత్తం మాత్రమే కడుతూ నెట్టుకొచ్చేవాళ్లకు ఈ ఫీజు చర్చే అనవసరం. నెలకు మూడున్నర శాతం వడ్డీ వేసే కార్డులో 50,000 బాకీని రెండు నెలలు మోస్తే 3,500 పోతుంది. ముందు ఆ బాకీ తీర్చండి, ఫీజు సంగతి తర్వాత చూసుకోవచ్చు.

మరి క్లోజ్ చేసేయొచ్చుగా? పటమటలో ఉండే మా బావమరిది అదే అన్నాడు. "ఒక్క ఫోన్ కొడితే పోయేదానికి ఇంత ఆలోచన ఎందుకు బావా, నేను నాది తీసేశాగా!" అతని విషయంలో అది సరైన పనే. అతనికి ఇంకా మూడు కార్డులున్నాయి, అందులో ఒకటి ఇంకా పాతది. నా పరిస్థితి అది కాదు. నాకున్నవి రెండే కార్డులు. ఇది అన్నిటికంటే పాతది, లిమిట్ 4 లక్షలు. రెండోదాని లిమిట్ లక్ష. పెద్ద బిల్లులు పడిన నెలలో రెండింటి మీద కలిపి 60,000 దాకా అవుతుంది. రెండూ ఉంటే మొత్తం లిమిట్‌లో నా వాడకం 12 శాతం. పాతది తీసేస్తే అదే 60,000 లక్షలో 60 శాతం అవుతుంది. లోను ఇచ్చేముందు బ్యాంకులు చూసే సిబిల్ స్కోరు బాగుండాలంటే ఇది 30 శాతం లోపు ఉంచుకోమని సాధారణంగా చెబుతారు. మేం ఇంటి లోను కోసం తిరగబోతున్నాం. ఈ సమయంలో సిబిల్ స్కోరు పడిపోతే ఆ టెన్షన్ ముందు 2,950 ఒక లెక్క కాదు. మూసిన కార్డు చరిత్ర సిబిల్ రిపోర్టులోంచి వెంటనే పోదు, ఏళ్లపాటు కనిపిస్తుంది. కాబట్టి కార్డు వయసు కంటే లిమిట్ పోవడమే నన్ను ఆపింది.

ఫీజు పడే నెలకు ముందే కస్టమర్ కేర్‌కు ఫోన్ చేశాను. డౌన్‌గ్రేడ్ అనగానే ముందు సగం ఫీజు తగ్గిస్తామన్నారు, తర్వాత వోచర్ ఇస్తామన్నారు. నేను మూడు ప్రశ్నలకే జవాబు అడిగాను: లిమిట్ అంతే ఉంటుందా, ఖాతా పాతదే కొనసాగుతుందా, రివార్డ్ పాయింట్లు కొత్త కార్డుకు వస్తాయా. మొదటి రెండింటికీ అవునన్నారు. పాయింట్లు వస్తాయి గాని విలువ తగ్గుతుందన్నారు. అందుకే మార్చేలోపే వాటిని వాడేసుకున్నాను. ఈ జవాబులు మెయిల్‌లో ఇవ్వమని అడిగి తీసుకున్నాను. ఇలా అడగడానికి మొహమాటపడొద్దు.

క్లోజ్ చేయాలనుకునేవాళ్లు తెలుసుకోవాల్సిన రూల్ ఒకటుంది. రిజర్వ్ బ్యాంకు 2022లో తెచ్చిన నిబంధనల ప్రకారం, బాకీలేమీ లేకపోతే అడిగిన ఏడు పనిదినాల్లో కార్డు మూసేయాలి. ఆలస్యం చేస్తే రోజుకు 500 రూపాయల చొప్పున కార్డుదారుకు కట్టాలి. లెటర్ పోస్టులో పంపమని పట్టుబట్టకూడదు. ఒక్క ఫోన్ చాలన్న మా బావమరిదికే నిజానికి బ్రాంచికి వచ్చి లెటర్ ఇవ్వమన్నారు. ఈ రూల్ చెప్పి మెయిల్ పెట్టాక పని కదిలింది. ఏడాదికి పైగా వాడని కార్డును, మనకు చెప్పి, 30 రోజుల్లో జవాబు రాకపోతే, బ్యాంకు తనే మూసేయొచ్చు. అందుకే ఉంచుకుందామనుకున్న ఫీజు లేని కార్డు మీద కూడా అప్పుడప్పుడు చిన్న బిల్లయినా కట్టాలి.

డౌన్‌గ్రేడ్‌లో నాకు కష్టమనిపించింది ఆటోపేల దగ్గరే. కొత్త కార్డుకు కొత్త నంబరు వచ్చింది. ఇన్సూరెన్స్ ప్రీమియం, ఓటీటీ, ఫోన్ బిల్లు అన్నిటికీ మాండేట్, అంటే ఆటోపే అనుమతి, మళ్లీ ఓటీపీతో పెట్టుకోవాలి. ఇన్సూరెన్స్ గడువు దగ్గరగా ఉన్నవాళ్లు ఆ ప్రీమియం కట్టడం అయ్యాకే కార్డు మార్చుకోవడం మంచిది. నా ఖాతా మీదే నా భార్యకు ఇచ్చిన యాడ్ ఆన్ కార్డు కూడా ఆగిపోయింది, దానికి మళ్లీ అప్లై చేయాల్సి వచ్చింది.

కొత్త కార్డుకు లాంజ్ లేదు, పాయింట్లు తక్కువ. కానీ యాప్‌లో అదే లిమిట్ మీద ఒక రూపే కార్డు కూడా ఇచ్చారు. దాన్ని యూపీఐకి కలుపుకున్నాక మందుల షాపు, పెట్రోలు బంకు, కిరాణా అన్నీ అందులోనే వెళ్తున్నాయి. మనుషులకు డబ్బు పంపడానికి అది కుదరదు, షాపులకే. తర్వాత తీసి చూసిన సిబిల్ రిపోర్టులో పాత ఖాతా తెరిచిన తేదీతోనే ఉంది, లిమిట్ 4 లక్షలే ఉంది. మీరూ కార్డు మార్చినా మూసినా రెండు నెలలాగి రిపోర్టు తీసి చూసుకోండి. సిబిల్ లాంటి ఒక్కో క్రెడిట్ బ్యూరో నుంచి ఏడాదికి ఒక పూర్తి రిపోర్టు ఉచితంగా వస్తుంది. మూసిన కార్డు ఇంకా నడుస్తున్నట్టు చూపిస్తే వెంటనే బ్యాంకుకు, బ్యూరోకు రెండు చోట్లా ఫిర్యాదు పెట్టాలి. బ్యాంకు 30 రోజుల్లో తేల్చకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్‌లోనే, ఖర్చు లేకుండా రాయొచ్చు.