చేపల తొట్టిలో మొక్కలకు ఏ లైటు మేలు?

మా భీమవరం చుట్టుపక్కల చెరువులు చేసేవాళ్లకు నీళ్లు పచ్చగా తిరిగితే సంతోషం. అదే పచ్చదనం ఇంట్లో అక్వేరియంలో కనబడితే మనకు టెన్షన్. రెండుచోట్లా పాచి పెరిగేది ఎరువు, వెలుతురు దొరికితేనే. చేపల రెట్ట ఎలాగూ ఉంటుంది కాబట్టి మన చేతిలో ఉన్నది లైటే.

అందరూ మొదట చూసేది కిటికీ. పైసా ఖర్చు లేదు. నేనూ అలాగే తూర్పు కిటికీ పక్కన పెట్టాను. రెండు వారాలకే అద్దాలు పచ్చబడ్డాయి. పైగా మన ఎండల్లో చిన్న తొట్టి ఇట్టే వేడెక్కుతుంది, వేడెక్కిన నీళ్లలో ఆక్సిజన్ తగ్గుతుంది. ముసురు పట్టిందా, రోజుల తరబడి వెలుతురే ఉండదు. కిటికీ పక్కన పెట్టొద్దనే అంటాను.

తొట్టి మూతతోపాటు వచ్చే నీలం లైట్ల కింద చేపల రంగులు మెరుస్తాయి, చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి. కానీ వాటిలో చాలావాటి వెలుతురు బలహీనం. మొక్కకు నీలం, ఎరుపు వెలుగులు రెండూ కావాలి, అవి తగినంతా ఉండాలి.

నా ఓటు మామూలు తెల్ల ఎల్‌ఈడీ ట్యూబుకే. డబ్బా మీద 6500 కెల్విన్, కూల్ డేలైట్ అని ఉన్నది తీసుకోండి. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు తొట్టిలో సుమారు 54 లీటర్లు పడతాయి. 10 వాట్ల ట్యూబు దాదాపు 1000 ల్యూమెన్లు (వెలుతురు కొలత) ఇస్తుంది, అంటే లీటరుకు 20కి కాస్త తక్కువ. నీటి మొక్కలైన వాలిస్నేరియా, హైడ్రిల్లా, జావా ఫెర్న్, అనుబియాస్‌లకు అది చాలు. ఎలక్ట్రికల్ షాపులో దొరుకుతుంది, పోతే మళ్లీ కొనుక్కోవడమూ తేలికే. ట్యూబుకీ నీటికీ మధ్య అద్దం మూత ఉండాలి. వైరు ప్లగ్గు కంటే కిందికి వేలాడేలా వదిలితే, కారిన నీటిచుక్క ప్లగ్గులోకి వెళ్లదు.

మొక్కల కోసమే చేసిన ఖరీదైన ఎల్‌ఈడీలు మంచివే. కానీ ఎర్ర ఆకుల మొక్కలు పెంచేవాళ్లకు, అడుగున్నర దాటిన లోతు తొట్లకే అవి అవసరం. అంత వెలుతురు పెట్టి కార్బన్ డయాక్సైడ్ ఇవ్వకపోతే మొక్క కంటే ముందు పాచే లాభపడుతుంది.

ఏ లైటైనా టైమర్ పెట్టి రోజుకు 6 నుంచి 8 గంటలే వేయండి. మాది మధ్యాహ్నం మూడింటికి వెలిగి రాత్రి పదింటికి ఆరిపోతుంది. చీకట్లో మొక్కలు కూడా ఆక్సిజన్ తీసుకుంటాయి. చెరువుల్లో తెల్లవారుజామున ఏరియేటర్లు (నీళ్లలో గాలి కలిపే యంత్రాలు) తిప్పేది ఆ వేళకి ఆక్సిజన్ పడిపోతుందనే. అందుకే మొక్కలు దట్టంగా ఉంటే రాత్రి ఎయిర్ పంపు ఆపకండి.

అద్దం మీద పచ్చచుక్కలు కనిపిస్తే ఒక గంట తగ్గించండి. కాడ సాగిపోయి, ఆకుకీ ఆకుకీ మధ్య ఎడం పెరిగి, కింది ఆకులు రాలుతుంటే గంటలు పెంచకండి, ఇంకో ట్యూబు కలపండి.