ఐదు ఉలుల వుడ్‌కట్ సెట్: సానరాయి లేకుండా కొనకండి

వుడ్‌కట్ (చెక్క మీద బొమ్మ చెక్కి, ఇంకు పూసి, కాగితం మీద అచ్చు తీయడం) నేర్చుకునేవాళ్ల చేతికి ముందుగా వచ్చేది చవకలో దొరికే ఐదు ఉలుల సెట్. ఏటవాలు కత్తి, మొన V ఆకారంలో ఉండే వి ఉలి, U ఆకారంలో ఉండే చిన్నదీ పెద్దదీ రెండు యు ఉలులు, ఒక చదును ఉలి. వీటితో రాని గీత దాదాపు లేదు. పన్నెండు ముక్కల సెట్ కొంటే సగం పెట్టెలోనే ఉండిపోతాయి. చిక్కల్లా పదునుతోనే. వచ్చిన పదును చెక్కకు బదులు వాడే మెత్తని లినోలియం షీటుకి సరిపోతుంది గానీ చెక్కకు చాలదు.

పరీక్ష తేలిక. చెక్క నారకు సరిగ్గా అడ్డంగా వి ఉలితో ఒక గీత తీయండి. రెండు అంచులూ చిట్లితే ఉలి మొద్దు. ఒక్కటే చిట్లితే ఆ వైపు రెక్క, అంటే V లో ఆ పక్క, మొద్దు. నారకు ఏటవాలుగా తీసి చూస్తే మాత్రం మోసపోతారు. అప్పుడు ఒక అంచు ఎప్పుడూ ఎదురు నారలోనే తెగుతుంది కాబట్టి మంచి ఉలికీ అది కాస్త చిట్లుతుంది.

సెట్‌లో బలహీనమైనది ఈ వి ఉలే. రెండు రెక్కలనూ రెండు చదును ఉలుల్లా అనుకుని, 1000 నంబరు సానరాయి మీద సమానంగా నూరండి, తర్వాత ఇంకా నున్నటి 6000 మీద మెరుగు పెట్టండి. రెక్కలు నూరి, అవి కలిసే అడుగు వదిలేస్తే కొసన చిన్న ముక్కు పొడుచుకొస్తుంది, గీత మొదట్లోనే చెక్కను చింపేస్తుంది. అడుగును కాస్త గుండ్రంగా నూరితే అది పోతుంది. ఎక్కువ నూరితే అక్కడే గాడి పడుతుంది, మళ్లీ మొదటికి రావాలి. లోపలి వైపు లేచిన గరుకును మడిచిన తోలు అంచుతో తీయాలి. యు ఉలులు ఇంత సతాయించవు. మణికట్టు తిప్పుతూ నూరితే చాలు.

డబ్బుకు తగ్గ పనిముట్టు కత్తి. అచ్చులో పడాల్సిన, చెక్కలో ఎత్తుగా మిగిల్చే గీతకు రెండు పక్కలా కత్తిని గీత నుంచి బయటికి వాలే కోతగా దింపాలి, అప్పుడు గీత అడుగున వెడల్పుగా, గట్టిగా నిలుస్తుంది. లోపలికి కోస్తే గీత అడుగు బోలు అయి, అచ్చు తీయడానికి కాగితాన్ని రుద్దేటప్పుడు విరుగుతుంది. ఎదుటి వైపు నుంచి రెండో కోత వేస్తే పొడవాటి చీలిక ఊడి వస్తుంది. గీత పక్కన 1 నుంచి 2 మి.మీ. లోతు చాలు. వెడల్పాటి ఖాళీల్లో ఇంకు పూసే రోలర్ దిగుతుంది కనుక అక్కడ ఇంకా లోతుగా తీయాలి. మామూలుగా వచ్చే కత్తి కుడిచేతి వాటానిదే. ఎడమచేతివాళ్లు అద్దంలో ప్రతిబింబంలా ఉండేది విడిగా అడిగి తీసుకోవాలి.

చదును ఉలి మూలలు చెక్కలో గుచ్చుకుని గాట్లు పెడతాయి. ఆ గాట్ల అంచులు ఇంకు పట్టి అచ్చులో పడతాయి. రెండు మూలలనూ రాయి మీద గుండ్రం చేస్తే మంచి ఉలి అవుతుంది.

పిడులు పర్వాలేదు, అరచేతిలో ఇముడుతాయి. వీటికి షినా ప్లైవుడ్ (జపాన్ లిండెన్ చెక్క పొరలది) సరిజోడు. దాని నార సన్నం, మెత్తన. ముతక ప్లైవుడ్‌లో పొరల మధ్య జిగురు పదునును త్వరగా తినేస్తుంది, పై పొర పెచ్చులుగా లేస్తుంది. ఏ చెక్కయినా రెండో చెయ్యి ఎప్పుడూ ఉలి వెనకే ఉండాలి.

ఇవి కార్బన్ ఉక్కువి, తడి తగిలితే తుప్పు పడతాయి. పెట్టెలో పెట్టే ముందు తుడిచి, కుట్టుమిషన్ నూనె పలచగా రాయండి.