62 వేల కిలోమీటర్ల తర్వాత: పెద్ద డీజిల్ ఎస్‌యూవీ, సిటీ ట్రాఫిక్, డీపీఎఫ్

ఈ సైజు బండి కొనేముందు అందరూ మైలేజీ అడుగుతారు. షోరూమ్‌లో వాళ్లు దానికి జవాబు సిద్ధంగా పెట్టుకుంటారు. రోజూ ఎంత దూరం తిప్పుతారు, దారిలో ఎక్కడైనా పది నిమిషాలు ఆగకుండా అరవై మీద పోతుందా అని మాత్రం ఎవరూ అడగరు. బీఎస్-6, అంటే 2020 నాటి పొగ నిబంధనల ప్రకారం వచ్చిన డీజిల్‌కు ఆ ప్రశ్నే ముఖ్యం. మూడున్నరేళ్లు, 62 వేల కిలోమీటర్లు తిరిగాక ఈ బండి మీద నాకు మిగిలిన కోపమంతా సైలెన్సర్ లైన్‌లో ఉండే మసి ఫిల్టర్, అంటే డీపీఎఫ్, దగ్గరే ఉంది. ఫిల్టర్ పెట్టినందుకు కాదు, దాన్ని ఎలా చూసుకోవాలో కొనేవాడికి ఒక్క ముక్క చెప్పనందుకు.

రెండు టన్నులు దాటిన ల్యాడర్ ఫ్రేమ్ బండి, ఏడు సీట్లు, నాలుగు సిలిండర్ల డీజిల్, ఆటోమేటిక్, 80 లీటర్ల ట్యాంకు. కంపెనీ ఏదన్నది ఇక్కడ అనవసరం. 2020 ఏప్రిల్ 1 తర్వాత వచ్చిన ఈ తరగతి డీజిల్ బండి ఏది కొన్నా కింద చెప్పేది పనికొస్తుంది.

ముందు మైలేజీ సంగతి తేల్చేస్తాను. మీటరు చూపే అంకె నమ్మకండి. పంపు నాజిల్ మొదటిసారి కట్ అయ్యేదాకా నింపి, మళ్లీ అదే పంపులో అలాగే నింపి లెక్క కట్టాలి. అలా చూస్తే కూకట్‌పల్లి, హైటెక్ సిటీ మధ్య ట్రాఫిక్‌లో లీటరుకు 8. మీటరు మాత్రం 9 పైన చూపిస్తుంది. విజయవాడ హైవే మీద 90 దగ్గర పట్టి ఉంచితే 12కు కాస్త అటూ ఇటూ, 110కి పోనిస్తే 10.5. ఇంత ఎత్తు, ఇంత వెడల్పు బండికి గాలి ఎదురొత్తిడి వేగానికి వర్గంగా పెరుగుతుంది కాబట్టి ఆ ఇరవై కిలోమీటర్ల తేడాకే అంత డీజిల్ పోతుంది. సిటీలో నెలకు వెయ్యి కిలోమీటర్లంటే 125 లీటర్లు, లీటరు 96 చొప్పున 12 వేలు. ఈ ఖర్చు తెలిసే కొంటారు, దీని మీద ఎవరికీ ఫిర్యాదు ఉండదు. ఒక నెల మాత్రం అదే దారిలో, అదే డ్రైవింగ్‌కు లీటరుకు 7.1 వచ్చింది. అసలు కథ అక్కడ మొదలైంది.

ఇంజన్ వదిలే మసిని డీపీఎఫ్ పట్టి ఉంచుతుంది. లోపల సన్నని గదులున్న సిరామిక్ దిమ్మ అది. నిండే కొద్దీ ఆ మసిని కాల్చి ఖాళీ చేసుకోవాలి. హైవే మీద పొగ వేడి 300 డిగ్రీలు దాటి నిలబడితే కొంత దానంతటదే కాలుతుంది. సిటీలో అంత వేడి రాదు. 150, 200 దగ్గరే ఊగిసలాడుతుంది. అప్పుడు ఇంజన్‌ను నడిపే కంప్యూటర్ పూనుకుని, పిస్టన్ కిందికి దిగిపోతున్నప్పుడు సిలిండర్‌లోకి ఇంకాస్త డీజిల్ చిమ్ముతుంది. ఆ డీజిల్ పొగ గొట్టంలో ఫిల్టర్‌కు ముందుండే కేటలిస్ట్‌లో మండి ఫిల్టర్‌ను 600 డిగ్రీల దాకా తీసుకెళ్తుంది. దీన్నే రీజెన్ అంటారు. ఆగకుండా నడిస్తే 15 నుంచి 20 నిమిషాల పని. మా బండికి హైవే మీద 450, 500 కిలోమీటర్లకు ఒకసారి వస్తుంది. సిటీలో 200కే వస్తుంది.

ఏడు కిలోమీటర్ల ఆఫీసు దారిలో సిగ్నళ్ల మధ్య ముప్పావు గంట పాక్కుంటూ పోతే రీజెన్ మొదలవుతుంది గానీ పూర్తి కాదు. సెల్లార్‌లో ఇంజన్ ఆపేస్తే సగంలో ఆగిపోతుంది. మర్నాడు మళ్లీ మొదలు, మళ్లీ సగంలో ఆపడం. ప్రతిసారీ అదనంగా చిమ్మిన డీజిల్‌లో కొంత సిలిండర్ గోడల మీద నుంచి రింగులు దాటి ఆయిల్‌లోకి జారుతుంది. పెట్రోల్ అయితే ఇంజన్ వేడికి చాలావరకు ఆవిరైపోతుంది. డీజిల్ అంత తేలిగ్గా ఆవిరవదు, ఆయిల్‌లోనే కూర్చుంటుంది. కాబట్టి ఆయిల్ తగ్గిందా అని చూసే పాత అలవాటు ఈ బండికి సగమే పనికొస్తుంది, పెరిగిందా అని కూడా చూడాలి.

31 వేల కిలోమీటర్ల దగ్గర డీపీఎఫ్ లైటు నారింజ రంగులో వెలిగింది. అరవైకి పైన ఇరవై నిమిషాలు నడపమని మాన్యువల్‌లో ఉంది. ఆ వారం అంతా సిటీలోనే తిరిగింది. నాలుగో రోజుకు లైటు ఆగి ఆగి వెలగడం మొదలైంది, ఇంజన్ లైటు తోడైంది, ఫ్లైఓవర్ ఎక్కుతుంటే 2,500 ఆర్‌పీఎం దాటనివ్వలేదు. దీన్నే లింప్ మోడ్ అంటారు, దెబ్బ తగలకుండా ఇంజన్ తన బలాన్ని తానే తగ్గించుకోవడం. ఆయిల్ కొలిచే పుల్ల, డిప్‌స్టిక్, తీస్తే ఆయిల్ ఎఫ్ (ఫుల్) గీతకు పైన ఇంకో ఎనిమిది మిల్లీమీటర్లు ఉంది. వేలికి అద్ది రుద్దితే జిగురు లేదు, నీళ్లలా జారింది. ముక్కు దగ్గర పెడితే డీజిల్ వాసన. అలాంటి ఆయిల్‌తో టర్బో బేరింగ్ తిరుగుతోందంటే ఎంత ప్రమాదమో వేరే చెప్పనక్కర్లేదు. పైగా లెవెల్ మరీ పెరిగితే బ్రీతర్ అనే గాలి గొట్టం గుండా ఆ ఆయిలే ఇంజన్‌లోకి పీల్చుకుని, తాళం తీసినా ఆగకుండా రేస్ అయిపోయే పరిస్థితి రావచ్చు. ఈ స్థితిలో బండిని హైవే ఎక్కించి పరిగెత్తించాలని చూడకూడదు. ముందు ఆయిల్ దించాలి.

మొదట చూపించిన వర్క్‌షాప్‌లో స్కానర్ పెట్టి, పీ2463 అనే కోడ్ చూసి, ఫిల్టర్ మార్చాలన్నారు. ఎస్టిమేట్ లక్షన్నర దాటింది. ఆ కోడ్‌కు అర్థం మసి మోతాదు మించిందని మాత్రమే, ఫిల్టర్ పోయిందని కాదు. దాని కిందే పీ2453 కూడా ఉంది, దాన్ని వదిలేశారు. ఫిల్టర్‌కు ముందు, వెనక ఒత్తిడి తేడా కొలిచే సెన్సర్ చెప్పే లెక్క పొంతన లేకుండా ఉందని ఆ రెండో కోడ్ చెబుతుంది. సెన్సర్‌కు రెండు సన్నని రబ్బరు గొట్టాలు వస్తాయి. ఫిల్టర్‌కు ముందు వైపు నుంచి వచ్చే గొట్టం వంపు దగ్గర, క్లిప్పు కింద, గోరంత పొడవు పగిలి ఉంది. చూస్తే కనపడలేదు, వంచితే నోరు తెరిచింది. ఒత్తిడి అక్కడే బయటికి పోతుంటే సెన్సర్‌కు ఫిల్టర్ ఎప్పుడూ ఖాళీగానే కనిపించింది. డీజిల్ వాడకాన్ని బట్టి కంప్యూటర్ వేసే మరో లెక్క మాత్రం మసి నిండిందని చెప్పింది. ఈ రెంటి గొడవలో హెచ్చరిక ఆలస్యమైంది, లైటు వెలిగేసరికే చాలా నిండిపోయింది.

తర్వాత ఒక స్వతంత్ర మెకానిక్ చేసిన పని ఇది, ఈ వరుసలోనే. పాత ఆయిల్ దించి కొత్తది పోశాడు. రెండు గొట్టాలూ మార్చాడు. ఇంజన్ ఆపి తాళం ఆన్‌లో పెట్టి సెన్సర్ సున్నా చూపిస్తోందో లేదో చూశాడు. కోడ్‌లు చెరిపేశాడు. ట్యాంకులో పావు కంటే ఎక్కువ డీజిల్ ఉందని చూసుకుని, ఇంజన్ వేడెక్కాక స్కానర్‌తో, బండి నిలబెట్టే చేసే రీజెన్ పెట్టాడు. ఆరుబయట, కింద సిమెంటు నేల. 40 నిమిషాలు పట్టింది. ఫిల్టర్ ముందు ఉష్ణోగ్రత 600 దగ్గరికి వెళ్లి నిలబడింది. అయిపోయాక ఐడ్లింగ్‌లో ఒత్తిడి తేడా 1 కిలోపాస్కల్ లోపుకు దిగింది. ఆయిల్, ఆయిల్ ఫిల్టర్ మళ్లీ మార్చాల్సి వచ్చింది, ఎందుకంటే నిలబెట్టి చేసిన రీజెన్‌లో కూడా ఆయిల్‌లోకి డీజిల్ దిగుతుంది. మొత్తం 22 వేల లోపు అయింది, అందులో గొట్టాల ఖర్చు వెయ్యి లోపే. ఇంకో వారం అలాగే తిప్పి ఉంటే మసి హద్దు మీరి స్కానర్ కూడా రీజెన్‌కు ఒప్పుకునేది కాదు. అంత మసి ఒక్కసారి అంటుకుంటే సిరామిక్ పగులుతుంది కాబట్టి కంప్యూటరే అడ్డుకుంటుంది. అప్పుడు ఆ లక్షన్నర నిజంగానే పెట్టాల్సి వచ్చేది.

రీజెన్ నడుస్తోందని చాలా బండ్లు చెప్పవు, మనమే కనిపెట్టాలి. ఐడ్లింగ్ 750 ఆర్‌పీఎం నుంచి 950 దాకా పెరుగుతుంది. అప్పటికప్పటి మైలేజీ అంకె మామూలు కంటే సగానికి పడిపోతుంది. ఆటో స్టార్ట్-స్టాప్ ఉంటే పనిచేయదు. బండి ఆపి దిగితే రేడియేటర్ ఫ్యాన్ హోరు, వేడి లోహం వాసన. ఈ గుర్తులు కనిపిస్తే ఇంటి ముందుకు వచ్చినా ఆపకుండా ఇంకో పది నిమిషాలు తిప్పి రావడమే మేలు. స్టీరింగ్ కింద సాకెట్‌లో పెట్టే బ్లూటూత్ ఓబీడీ అడాప్టర్, అంటే బండి కంప్యూటర్ లెక్కలు చదివే చిన్న పరికరం, వెయ్యి, రెండు వేలకే దొరుకుతుంది. ఫోన్‌లో మసి శాతం, ఫిల్టర్ ముందు వేడి, చివరి రీజెన్ ఎన్ని కిలోమీటర్ల క్రితం అయిందో చూపిస్తుంది. ఈ మూడూ మీ బండికి వస్తాయో లేదో యాప్ కొనేముందే చూసుకోండి.

సిటీ వాళ్లకు నేను చెప్పే మందు ఔటర్ రింగ్ రోడ్డు. గచ్చిబౌలి దగ్గర ఎక్కి శంషాబాద్ దగ్గర దిగితే ఇరవై కిలోమీటర్ల పైన వస్తుంది. 80 పరిమితి ఉన్న ఎడమ లేన్లలోనే, గేరు ఒకటి తగ్గించి మాన్యువల్ మోడ్‌లో 2,000, 2,500 ఆర్‌పీఎం మధ్య పట్టి ఉంచితే చాలు. వేగం కంటే ఆగకపోవడం ముఖ్యం. పది రోజులకోసారి, మసి శాతం 70 దాటినప్పుడు ఇలా చేస్తే లైటు మొహం చూడక్కర్లేదు. టోలు, డీజిల్ కలిపితే ఇది కూడా బండి మేతలో భాగమే, లెక్కలో వేసుకోండి.

ఊళ్లకు వెళ్లేవాళ్లకు ఒక జాగ్రత్త. కోతల కాలంలో రోడ్డు మీద ఆరబోసిన వడ్లు, గడ్డి మీదుగా పోతే ఎండు గడ్డి కింద ఎగ్జాస్ట్ చుట్టూ చుట్టుకుంటుంది. రీజెన్‌లో ఉన్న బండిని కళ్లంలో గడ్డి మీద ఆపితే అంటుకుంటుంది. దిగి, వంగి, ఒకసారి కిందికి చూడండి.

ఆయిల్ విషయంలో రాజీ వద్దు. మసి కాలుతుంది, బూడిద కాలదు. ఆ బూడిద ఎక్కువగా ఆయిల్‌లోని రసాయనాల నుంచే వస్తుంది. డబ్బా మీద ఏసీఈఏ సీ3 లాంటి తక్కువ బూడిద గ్రేడు ఉందో లేదో చూడాలి. అందులో సల్ఫేటెడ్ యాష్ 0.8 శాతం మించదు. పాత డీజిల్‌కు వాడే ఏ3/బీ4 ఆయిల్ ఎంత ఖరీదైనదైనా ఈ ఫిల్టర్ ఆయుష్షు తింటుంది. మన మాన్యువల్ అడిగే గ్రేడే పోయాలి. కంపెనీ చెప్పిన గడువు ఎంతున్నా సిటీ బండికి 7,500కే ఆయిల్ మార్చేయడం మంచిది.

ఫిల్టర్ విప్పి ప్రెషర్ పంపుతో కడిగిస్తామనే షెడ్డులున్నాయి. లోపలి పూత పోతుంది, సిరామిక్ చిట్లుతుంది. ఫిల్టర్ లోపలిది పగలగొట్టి, కంప్యూటర్ ప్రోగ్రామ్ మార్చి (రీమ్యాప్) ఖాళీ గొట్టం బిగిస్తామనే వాళ్లూ ఉన్నారు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం అలాంటి మార్పు చెల్లదు, వారంటీ పోతుంది, మన వెనక బైకు మీద వచ్చేవాడి ఊపిరితిత్తుల్లోకి ఆ మసి వెళ్తుంది. ఆ పని ఏ పరిస్థితిలోనూ చేయించకండి. సెకండ్ హ్యాండ్‌లో బీఎస్-6 డీజిల్ చూస్తుంటే చల్లగా ఉన్న సైలెన్సర్ చివర లోపల వేలు పెట్టి తిప్పండి. ఫిల్టర్ సవ్యంగా ఉంటే 50 వేలు తిరిగిన బండికి కూడా వేలు దాదాపు శుభ్రంగా వస్తుంది. కాటుకలా అంటితే ఫిల్టర్ పగిలి ఉండాలి, లేదా తీసేసి ఉండాలి.

మిగతావి క్లుప్తంగా. మొదటి ఏడాది ఈ బండి సస్పెన్షన్‌ను అందరి దగ్గరా మెచ్చుకున్నాను. గుంతల మీద ఇప్పటికీ అదే మాట, కానీ ఐదుగురు ఎక్కితేనే. ఒక్కరే ఉంటే వెనక సీటు స్పీడ్ బ్రేకర్ మీద గుర్రంలా ఎగురుతుంది. మూడో వరుస హాయిగా ఉంటుందని ఎవరైనా చెబితే అది పిల్లల గురించి అని అర్థం చేసుకోండి. ఎత్తు సీటు వల్ల దూరం బాగా కనిపిస్తుంది, బానెట్ ముందు నిలబడ్డ చిన్న పిల్లవాడు మాత్రం కనిపించడు. ముందు కెమెరా లేని మోడల్ అయితే పెట్టించండి. టైర్లు 45 వేలకు మార్చాం, నాలుగూ కలిపి 80 వేల దాకా అయ్యాయి.

అమ్మకం రేటు గురించి ఒక మాట. 2025 సెప్టెంబర్ 22 దాకా ఈ సైజు ఎస్‌యూవీ మీద జీఎస్టీ, సెస్సు కలిపి 50 శాతం ఉండేది, ఆ రోజు నుంచి 40 అయింది. అంతకుముందు కొన్నవాళ్ల బండికి బేరం ఆ తేడా దగ్గరి నుంచే మొదలవుతుంది.

కొనొచ్చా అంటే మీ దారిని బట్టి. ఖమ్మంలోనో సూర్యాపేటలోనో ఉండి రోజూ హైవే ఎక్కేవాళ్లకు ఈ డీపీఎఫ్ గొడవ అసలు తెలియకపోవచ్చు, వాళ్లకు ఇంతకంటే నమ్మకమైన బండి దొరకడం కష్టం. అపార్ట్‌మెంటు నుంచి ఆఫీసు, ఆఫీసు నుంచి స్కూలు, అంతే అయితే పెట్రోలో హైబ్రిడో తీసుకోండి, డీజిల్ వైపు చూడకండి. మా బండి నెలకు రెండుసార్లు విజయవాడ వెళ్లొస్తుంది కాబట్టి ఉంచుకున్నాం. ఆ ప్రయాణాలు లేకపోతే 31 వేల దగ్గరే అమ్మేసేవాళ్లం. గొట్టాలు మార్చాక మళ్లీ 31 వేలు తిరిగింది, లైటు వెలగలేదు. నిన్న పొద్దున తీసి చూస్తే ఆయిల్ ఎఫ్ గీతకు ఒక గింజంత కిందే ఉంది.